విడిదిలో ట్రావెల్ ట్రైలర్: సమతలంగా నిలిపినప్పుడే సురక్షితం

దేశ పర్యాటక రంగంలో కారవాన్ పర్యాటకం క్రమేణా తన స్థానాన్ని ఏర్పరచుకొంటున్నది. కారవాన్లు, కారవాన్ విడిది పార్కుల అభివృద్ధి కోసం కేంద్ర పర్యాటక మంత్రిత్వ శాఖ విధానపత్రాన్ని రూపొందించింది. 2021లో మహారాష్ట్ర, కేరళ రాష్ట్రాలు తమ సొంత కారవాన్ పర్యాటక విధానాలను ప్రకటించాయి. కేరళలోని వాగమన్‌లో 2022లో కారవాన్ పార్కు ప్రారంభమైనది. మరోవైపు అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు వేసవి సెలవులలో ట్రావెల్ ట్రైలర్లను అద్దెకు తీసుకొని జాతీయ ఉద్యానవనాలకు వెళ్ళడం, ఇక్కడి నుంచి వెళ్ళిన తల్లిదండ్రులను వెంట తీసుకువెళ్ళడం పరిపాటి.

ఈ విహార వాహనాల గురించి వెలువడే కథనాలలో లోపలి పడకలు, వంటగది, స్నానాల గది వంటి సదుపాయాల ప్రస్తావన ఎక్కువగా ఉంటుంది. వాహనాన్ని విడిది స్థలంలో నిలిపే విధానం గురించిన ప్రస్తావన తక్కువ. కొన్ని టన్నుల బరువు గల ట్రైలరును లాగే వాహనం నుంచి విడదీసే ఆ కొద్ది నిమిషాలే మొత్తం ప్రయాణంలో అత్యంత జాగ్రత్త వహించవలసిన సమయం. ఈ అంశంపై పాత్రికేయులకు, విడిది స్థలాలను పరిశీలించే అధికారులకు సమగ్ర అవగాహన కల్పించడం ఈ వ్యాస ఉద్దేశం.

ట్రావెల్ ట్రైలర్ అంటే ఏమిటి?

తనకంటూ ఇంజను లేకుండా, కారు లేదా పికప్ ట్రక్కు వెనుక తగిలించి లాగే చక్రాల ఇంటిని అమెరికాలో ట్రావెల్ ట్రైలర్ అంటారు. బ్రిటన్‌లో దీనినే కారవాన్ అంటారు. ఇంజను, నివాస భాగం ఒకే వాహనంలో ఉంటే అది మోటారు కారవాన్. మన దేశంలో ప్రస్తుతం ఎక్కువగా కనిపిస్తున్నవి మోటారు కారవాన్లే. వీటి భద్రతా అవసరాలకు ఏఐఎస్-124 పేరిట ప్రత్యేక ప్రమాణం కూడా ఉన్నది.

విహారం కోసమే ప్రత్యేకంగా నిర్మించిన తొలి కారవాన్‌గా చెప్పుకొనే 'వాండరర్' 1885లో బ్రిటన్‌లోని బ్రిస్టల్‌లో తయారైనది. రచయిత, వైద్యుడు విలియం గోర్డన్ స్టేబుల్స్ దానిని చేయించుకొన్నారు. దానిని రెండు గుర్రాలు లాగేవి. మోటారు వాహనాల రాకతో అమెరికాలో ఈ పరిశ్రమ వేగంగా పెరిగినది. ఎయిర్‌స్ట్రీమ్ సంస్థ 1936లో 'క్లిప్పర్' అనే అల్యూమినియం ట్రైలరును తీసుకువచ్చింది. ఇండియానా రాష్ట్రంలోని ఎల్క్‌హార్ట్ పట్టణం నేడు ఈ పరిశ్రమకు ప్రధాన కేంద్రంగా ఉన్నది.

ట్రైలరు ముందు భాగాన త్రికోణాకారంలో ఇనుప కమ్మీ ఉంటుంది. దాని కొనలోని కప్లరు లాగే వాహనం వెనుక ఉన్న ఇనుప గుండుపై కూర్చుంటుంది. మొత్తం బరువులో సాధారణంగా 10 నుంచి 15 శాతం ఆ గుండుపై పడుతుంది. మిగిలిన బరువు మధ్య భాగంలోని ఇరుసులపై ఉంటుంది. గుండు నుంచి విడదీసిన తరువాత ముందు భాగపు బరువును మోసేది ఒకే ఒక జాకీ. రెండు చక్రాల ఎద్దుబండి నుంచి ఎద్దులను విప్పినప్పుడు కాడి నేలకు వాలకుండా ఊతకర్ర పెట్టడం, బండి దొర్లకుండా చక్రానికి రాయి అడ్డు వేయడం మన రైతులందరికీ తెలిసినదే. ట్రావెల్ ట్రైలరు విషయంలోనూ సూత్రం అదే. అయితే ఇక్కడ బరువు అనేక రెట్లు ఎక్కువ, లోపల మనుషులు నివసిస్తారు.

సమతలం ఎందుకు అవసరం?

నేల ఏటవాలుగా ఉంటే పడుకోవడానికి ఇబ్బంది కలుగుతుందని, పాత్రలు జారుతాయని మాత్రమే చాలామంది భావిస్తారు. అసలు కారణాలు ఇంతకంటె ముఖ్యమైనవి.

మొదటిది రిఫ్రిజిరేటరు. అనేక ట్రైలర్లలో గ్యాసుతోనూ, విద్యుత్తుతోనూ పనిచేసే శోషణ రకపు రిఫ్రిజిరేటరు ఉంటుంది. 1922లో స్టాక్‌హోమ్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ విద్యార్థులు బాల్ట్‌జార్ వాన్ ప్లాటెన్, కార్ల్ మంటెర్స్ దీనిని రూపొందించారు. ఇందులో కంప్రెసరు ఉండదు, కదిలే భాగాలు ఉండవు. అమ్మోనియా కలిసిన నీటిని చిన్న మంట వేడిచేస్తుంది. వేరుపడిన అమ్మోనియా ఆవిరి పైకి వెళ్ళి చల్లబడి ద్రవంగా మారుతుంది. ఆ ద్రవం హైడ్రోజన్ వాయువు సమక్షంలో తిరిగి ఆవిరవుతూ పెట్టె లోపలి వేడిని గ్రహిస్తుంది. అనంతరం నీటిలో కరిగి, కేవలం భూమ్యాకర్షణ వల్ల గొట్టాల వాలు వెంట కిందికి జారి మంట వద్దకు చేరుతుంది.

ఈ గొట్టాల వాలు స్వల్పం. వాహనం ఒక వైపు ఒరిగి నిలిస్తే ద్రవం మధ్యలో నిలిచిపోతుంది. మంట మాత్రం మండుతూనే ఉంటుంది. అధిక వేడికి ద్రవంలోని తుప్పు నిరోధక రసాయనం గట్టిపడి గొట్టాన్ని మూసివేయవచ్చు. క్రమేణా గొట్టం దెబ్బతిని వాయువులు బయటకు వెలువడే ప్రమాదం, కొన్ని సందర్భాలలో అగ్నిప్రమాదం సంభవించే అవకాశం ఉన్నది. రిఫ్రిజిరేటరుకు ఎదురుగా నిలబడి చూసినప్పుడు కుడిఎడమలకు 3 డిగ్రీలు, ముందువెనుకలకు 6 డిగ్రీలు మించిన వాలు ఉండరాదన్నది తయారీదారులు సాధారణంగా సూచించే పరిమితి. ప్రయాణంలో కుదుపుల వల్ల ద్రవం కదులుతూ ఉంటుంది గనుక ఎగుడుదిగుడుల వల్ల సమస్య అంతగా తలెత్తదు. గంటల తరబడి నిలిపి ఉంచినప్పుడే హాని కలుగుతుంది. ఇటీవలి ట్రైలర్లలో వస్తున్న 12 వోల్టుల కంప్రెసరు రిఫ్రిజిరేటర్లు వాలును కొంత ఎక్కువగా తట్టుకొంటాయి.

రెండవది నీటి వ్యవస్థ. స్నానాల గది నీరు, మురుగు తొట్టిలోని నీరు బయటకు పారే మార్గం వైపు వాలు ఉండేటట్లు నిర్మాణం జరుగుతుంది. వాహనం ఎదురు దిశకు ఒరిగితే నీరు లోపలే నిలుస్తుంది. తొట్టి ఎంత నిండినదో చూపే సూచికలు కూడా తప్పుడు లెక్క చూపుతాయి.

మూడవది నిర్మాణ భద్రత. పక్కకు జరిగి గదిని వెడల్పు చేసే భాగాలు ఉన్న ట్రైలర్లలో చట్రం మెలి తిరిగి ఉంటే ఆ భాగాలు ఇరుక్కుపోతాయి. తలుపులు సరిగా మూసుకోవు. అత్యవసర సమయంలో తలుపు తెరుచుకోకపోతే కలిగే అనర్థం వేరుగా చెప్పనవసరం లేదు.

అన్నింటికంటె ముఖ్యమైనది కదలిక. అమెరికా ట్రావెల్ ట్రైలర్లకు సాధారణంగా చేతి బ్రేకు ఉండదు. వాటి విద్యుత్ బ్రేకులు లాగే వాహనం నుంచి అందే విద్యుత్తుతో పనిచేస్తాయి. తగులు తెగిపోయినప్పుడు బ్యాటరీ ద్వారా బ్రేకులను పనిచేయించే అత్యవసర స్విచ్చు ఉన్నప్పటికీ, దానిని నిలుపుదల బ్రేకుగా వాడరాదు. బ్యాటరీ ఖర్చయిన మరుక్షణం ఆ పట్టు పోతుంది. ఐరోపా దేశాల కారవాన్లకు చేతి బ్రేకు ఉంటుంది. అది లేని ట్రైలరును విడదీసిన తరువాత నిలిపి ఉంచేది చక్రాల కింది అడ్డుదిమ్మలు మాత్రమే.

మొదటి దశ: స్థల పరిశీలన

విడిదికి చేరగానే నేరుగా వాహనాన్ని లోపలికి పోనివ్వరాదు. ముందుగా దిగి, నడిచి చూడాలి. నేల ఎటు వాలి ఉన్నది, ఎక్కడ మెత్తగా ఉన్నది, వాన నీరు పారిన చారలు ఏ దిశలో ఉన్నవి, పైన కొమ్మలు, విద్యుత్ తీగలు ఉన్నవా, పక్క గది బయటకు జరగడానికి చోటు ఉన్నదా, నీటి కుళాయి, విద్యుత్ పెట్టె ఎటువైపు ఉన్నవి అనే విషయాలను గమనించాలి.

స్థలాన్ని బట్టి ఏర్పాట్లు మారుతాయి. ఉదాహరణకు గ్రాండ్ కేన్యన్ దక్షిణ అంచున ఉన్న 'ట్రైలర్ విలేజ్'లో విద్యుత్తు, నీరు, మురుగు కనెక్షన్లతో పాటు, వెనుకకు నడపవలసిన అవసరం లేకుండా ఒక వైపు నుంచి ప్రవేశించి మరొక వైపు వెళ్ళే చదును చేసిన స్థలాలు ఉన్నాయి. అదే అంచున ఉన్న మాథర్ విడిది స్థలంలో ఈ కనెక్షన్లు లేవు. వాహనాల పొడవు కూడా 30 అడుగులకు మించరాదు. యెల్లోస్టోన్‌లోని ఫిషింగ్ బ్రిడ్జ్ పార్కులో ఎలుగుబంట్ల సంచారం కారణంగా గట్టి గోడలు గల వాహనాలను మాత్రమే అనుమతిస్తారు. కనుక బయలుదేరే ముందే స్థల వివరాలను తెలుసుకోవడం శ్రేయస్కరం.

వెనుకకు నడిపేటప్పుడు మరొక వ్యక్తి కింద నిలబడి దారి చూపాలి. ఆ వ్యక్తి డ్రైవరుకు అద్దంలో ఎల్లవేళలా కనిపిస్తూ ఉండాలి. కనిపించని క్షణంలో వాహనాన్ని ఆపివేయాలి. పిల్లలు, వృద్ధులు ట్రైలరు వెనుక గాని, పక్కన గాని, లోపల గాని ఉండరాదు. పని పూర్తయ్యే వరకు పిల్లల బాధ్యతను ప్రత్యేకంగా ఒకరికి అప్పగించడం మంచిది.

రెండవ దశ: ముందుగా అడ్డదిశ

కుడిఎడమల సమతలాన్ని ముందుగా సరిచేయాలి. ట్రైలరు వాహనానికి తగిలించి ఉన్నప్పుడే ఈ పని సాధ్యం. విడదీసిన తరువాత చక్రాలను ఎత్తు మీదికి ఎక్కించే మార్గం ఉండదు. ఈ వరుసను తారుమారు చేయడం కొత్తవారు సాధారణంగా చేసే పొరపాటు.

తాపీమేస్త్రీలు వాడే రసమట్టాన్ని ట్రైలరు గడప వద్ద నేలపై అడ్డంగా ఉంచితే బుడగ ఎత్తైన వైపునకు పోతుంది. ఎదుటి వైపు చక్రాలను పైకి లేపవలసి ఉంటుంది. ఎంత లేపాలన్నది సులభమైన లెక్క. చక్రాల మధ్య దూరం 1.8 మీటర్లు అనుకొంటే, ప్రతి 1 డిగ్రీ వాలుకు సుమారు 3 సెంటీమీటర్ల ఎత్తు కావాలి. నేల 2 శాతం వాలి ఉంటే తేడా 3.6 సెంటీమీటర్లు. 5 శాతం వాలి ఉంటే 9 సెంటీమీటర్లు. అంతకు మించిన వాలు ఉన్నచోట దిమ్మలు పేర్చడం కంటె వేరొక స్థలాన్ని ఎంచుకోవడమే ఉత్తమం.

చక్రాలను ఎక్కించడానికి ప్లాస్టిక్ మట్టపు పలకలు, వాలుదిమ్మలు మార్కెట్‌లో లభిస్తాయి. గట్టి చెక్క పలకలను కూడా వాడవచ్చు. ఒకదానిపై ఒకటి పేర్చేటప్పుడు కింది వరుస పొడవుగా, పై వరుస పొట్టిగా మెట్లవలె ఉండాలి. టైరు వెడల్పు మొత్తం పలకపై ఆనాలి. అంచు బయటకు వేలాడితే టైరు లోపలి పొరలు దెబ్బతింటాయి. ఒక వైపు రెండు చక్రాలు ఉన్న ట్రైలర్లలో రెండింటినీ సమానంగా లేపాలి. ఒకదానినే లేపితే బరువంతా ఆ ఇరుసుపై పడుతుంది. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు, దొరికిన బండరాళ్ళు ఈ పనికి పనికిరావు. బరువుకు అవి అకస్మాత్తుగా పగిలే అవకాశం ఉన్నది.

మూడవ దశ: చక్రాలకు అడ్డు

అడ్డదిశ సరిపోయిన వెంటనే, మరే పనీ ప్రారంభించక ముందే, చక్రాలకు అడ్డుదిమ్మలు పెట్టాలి. రెండు వైపులా, ప్రతి వైపు చక్రానికి ముందు, వెనుక బిగుతుగా అమర్చాలి. నేల ఏ దిశకు వాలి ఉన్నదో ఆ దిశలో వీటి అవసరం మరింత ఎక్కువ. జంట చక్రాల నడుమ బిగించే పరికరాలు ఊగిసలాటను తగ్గిస్తాయి. అయితే అవి అదనపు ఏర్పాటు మాత్రమే, అడ్డుదిమ్మలకు ప్రత్యామ్నాయం కావు. పలకలపై నిలిచిన చక్రాలకు అడ్డుదిమ్మ కూడా పలకపైనే సరిగా కుదురుకొన్నదో లేదో చూడాలి.

నాలుగవ దశ: విడదీయడం

ముందు జాకీ పాదం కింద వెడల్పాటి చెక్క పలక ఉంచాలి. బరువు సమంగా పంచే స్ప్రింగు కడ్డీలు ఉన్నట్లయితే ముందుగా వాటి బిగువును తగ్గించాలి. జాకీతో ట్రైలరు ముందు భాగాన్ని, దానితో పాటు వాహనం వెనుక భాగాన్ని కొంత పైకి లేపితే కడ్డీలు వదులవుతాయి. బిగువు ఉన్న కడ్డీని బలవంతంగా లాగితే అది ఎగిరివచ్చి చేతికి, ముఖానికి తీవ్ర గాయం చేయగలదు.

తరువాత కప్లరు గొళ్ళెం తీసి, జాకీతో దానిని గుండు నుంచి పైకి లేపాలి. ఈ సమయంలో భద్రతా గొలుసులు తగిలించే ఉండాలి. గుండు నుంచి వేరైన క్షణాన ట్రైలరు కొద్దిగా కదిలినా గొలుసులు దానిని ఆపుతాయి. కదలిక లేదని నిర్ధారించుకొన్న తరువాతనే గొలుసులు, అత్యవసర బ్రేకు తీగ, విద్యుత్ తీగ విప్పి, వాహనాన్ని నెమ్మదిగా ముందుకు నడపాలి. జాకీ పనిచేస్తున్నంతసేపు కాళ్ళు, చేతులు కమ్మీ కింద ఉండరాదు. జాకీ ఆధారంగా మాత్రమే నిలిచిన ట్రైలరు కిందికి ఎట్టి పరిస్థితులలోనూ దూరరాదు.

ఐదవ దశ: ముందువెనుకల సమతలం, మూలల ఊతలు

ఇప్పుడు రసమట్టాన్ని పొడవు దిశలో ఉంచి, జాకీని ఎత్తుతూ లేదా దించుతూ బుడగను మధ్యకు తీసుకురావాలి. ఇరుసు నుంచి జాకీ వరకు 4.5 మీటర్ల దూరం ఉంటే 1 డిగ్రీ సవరణకు జాకీ సుమారు 8 సెంటీమీటర్లు కదలాలి. జాకీ ఎత్తు చాలకపోతే దానిని పూర్తిగా సాగదీయడం కంటె కింద మరొక దృఢమైన పలక వేయడం సురక్షితం. అయితే పలకను మార్చేటప్పుడు ట్రైలరును తిరిగి వాహనానికి తగిలించాలి.

చివరగా నాలుగు మూలల ఊతలను దించాలి. ఇవి ట్రైలరును ఎత్తడానికి ఉద్దేశించినవి కావు. లోపల నడిచినప్పుడు ఊగకుండా ఉండడానికి మాత్రమే ఉపకరిస్తాయి. నేలకు ఆని కొంచెం బిగిస్తే సరిపోతుంది. వీటితో ఒక మూలను పైకి లేపే ప్రయత్నం చేస్తే ఊతలు వంగిపోతాయి, చట్రం మెలి తిరుగుతుంది. సమతలం చేసేవి పలకలు, ముందు జాకీ. ఊతల పని ఆ సమతలాన్ని స్థిరపరచడమే. పక్క గదిని బయటకు జరపడం, పందిరి గుడ్డను విప్పడం ఊతలు దించిన తరువాతనే చేయాలి.

విద్యుత్తు, గ్యాసు జాగ్రత్తలు

సమతలం పూర్తయిన పిమ్మట కనెక్షన్ల వంతు. విద్యుత్ పెట్టెలో ఎర్తింగు లోపం ఉన్నా, తీగలు తారుమారైనా ట్రైలరు లోహపు శరీరానికి విద్యుత్తు ప్రసరించే ప్రమాదం ఉన్నది. తడి నేలపై నిలబడి తలుపు పట్టుకొన్న వ్యక్తికి అది ప్రాణాంతకం కావచ్చు. కనుక పరీక్షించే పరికరంతో చూసిన తరువాతనే కలపాలి. చేయి తగిలినప్పుడు జివ్వుమన్నట్లు అనిపిస్తే వెంటనే పెట్టె వద్దనే విద్యుత్తును నిలిపివేయాలి. అమెరికాలో సరఫరా 120 వోల్టులు, మన దేశంలో 230 వోల్టులు. ఒక దేశపు పరికరాలను మరొక దేశపు సరఫరాకు నేరుగా కలపరాదు.

వంటగ్యాసు గాలికంటె బరువైనది. లీకైతే నేల మట్టానికి దిగి నిలుస్తుంది. అందువల్ల అడుగు భాగాన ఉండే గాలి రంధ్రాలను చలికాలంలో సైతం మూయరాదు. సిలిండర్లను నిటారుగానే ఉంచాలి. జనరేటరు పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడుకు వాసన, రంగు ఉండవు. నిద్రలో ఉన్నవారు దానిని గుర్తించలేరు. జనరేటరును కిటికీలకు దూరంగా, పొగ బయటకు పోయే దిశలో ఉంచాలి. లోపల హెచ్చరిక పరికరం పనిచేస్తున్నదీ లేనిదీ ప్రతి ప్రయాణానికి ముందు పరీక్షించాలి.

మోటారు కారవాన్ల విషయంలో

మోటారు కారవాన్‌కు విడదీసే పని ఉండదు. చేతి బ్రేకు కూడా ఉంటుంది. దీనిని సమతలం చేయడానికి వాలుదిమ్మలు గాని, వాహనంలోనే అమర్చిన హైడ్రాలిక్ ఊతలు గాని వాడతారు. ఇక్కడ ఒక ముఖ్య విషయాన్ని గుర్తుంచుకోవాలి. చేతి బ్రేకు సాధారణంగా వెనుక చక్రాలపై పనిచేస్తుంది. ఊతలతో వెనుక చక్రాలను నేల నుంచి పూర్తిగా పైకి లేపితే ఆ బ్రేకు నిరర్థకమవుతుంది. వాహనం ఊతలపై నుంచి జారిపోయే ప్రమాదం ఉన్నది. వెనుక చక్రాలు నేలను గాని, పలకను గాని తప్పనిసరిగా ఆనుకొని ఉండాలి. వాలు ఉన్నచోట వాహనం ముందు భాగాన్ని పల్లం వైపు నిలిపితే సవరించవలసిన ఎత్తు ముందు చక్రాల వద్దకు వస్తుంది.

మన నేలలు, మన స్థలాలు

తెలుగు రాష్ట్రాలలో కారవాన్ విడిదికి అనువుగా కనిపించే ప్రాంతాలలో నేల స్వభావం ఒకేవిధంగా లేదు. అరకు, లంబసింగి, హార్స్‌లీ హిల్స్, అనంతగిరి, శ్రీశైలం వంటి కొండ ప్రాంతాలలో వాలు ప్రధాన సమస్య. సూర్యలంక, రుషికొండ వంటి సముద్ర తీరాలలో ఇసుకలో జాకీ పాదం కూరుకుపోతుంది. రెండు రాష్ట్రాలలోనూ విస్తారంగా ఉన్న నల్లరేగడి నేల మరింత జాగ్రత్త కోరుతుంది. ఎండాకాలంలో అది రాయివలె గట్టిగా ఉంటుంది. వాన పడితే ఉబ్బి, మెత్తబడి బరువును మోయలేదు. సాయంత్రం సమతలంగా ఉన్న వాహనం రాత్రి వాన తరువాత ఉదయానికి ఒక మూలకు ఒరిగి ఉండవచ్చు. కాబట్టి జాకీ, ఊతల కింద వెడల్పాటి పలకలు వేయడం, వాన వెలిసిన వెంటనే రసమట్టంతో తిరిగి పరీక్షించడం అవసరం. ఈ నేలలపై శాశ్వత విడిది స్థలాలను అభివృద్ధి చేసేటప్పుడు గట్టి పునాదితో కూడిన వేదికలు నిర్మించడం మేలు.

అధికారులు పరిశీలించదగిన అంశాలు

కారవాన్ విడిది స్థలాలను తనిఖీ చేసే అధికారులు ఈ క్రింది అంశాలపై దృష్టి సారించవచ్చు.

1. వాహనం నిలిచే వేదిక గట్టిగా ఉండి, వాన నీరు పారేందుకు కావలసినంత స్వల్ప వాలు మాత్రమే కలిగి ఉన్నదా?
2. ప్రతి వేదిక వాలు శాతం, అనుమతించే వాహన పొడవు ప్రవేశం వద్దనే తెలియజేస్తున్నారా?
3. అడ్డుదిమ్మలు, మట్టపు పలకలు లేని పర్యాటకులకు వాటిని సమకూర్చే ఏర్పాటు ఉన్నదా?
4. ప్రతి విద్యుత్ పెట్టెకు ఎర్తింగు, 30 మిల్లీ ఆంపియర్ల రక్షణ స్విచ్చు అమర్చి, నిర్ణీత వ్యవధిలో పరీక్షిస్తున్నారా?
5. వాహనాల మధ్య అగ్నిమాపక సిబ్బంది వెళ్ళడానికి తగినంత ఖాళీ ఉన్నదా?
6. పల్లం వైపు ఉన్న వేదికల దిగువన గుడారాలు, పిల్లల ఆటస్థలం లేకుండా చూస్తున్నారా?
7. వాహనాలను నిలిపేటప్పుడు సాయపడేందుకు శిక్షణ పొందిన సిబ్బంది ఉన్నారా?

వీటిలో ఆరవ అంశం తరచుగా విస్మరణకు గురయ్యే అవకాశం ఉన్నది. ట్రైలరు కదిలినప్పుడు అది పోయేది పల్లానికే. ప్రమాదం జరిగిన తరువాత చక్రాల అడ్డులను వెతకడం కంటె, స్థల నమూనా రూపొందించే దశలోనే ఆ మార్గంలో మనుషులు ఉండకుండా చూడడం సులభం, ఖర్చు లేనిది.

పాత్రికేయులకు సూచన

కొత్త కారవాన్ పార్కు గురించి గాని, కారవాన్ ప్రయాణం గురించి గాని రాసే పాత్రికేయులు సదుపాయాలతో పాటు ఈ అంశాలను కూడా పాఠకుల దృష్టికి తీసుకురావచ్చు. అద్దెకు ఇచ్చే సంస్థ వాహనాన్ని అప్పగించే ముందు నిలిపే విధానాన్ని చేసి చూపుతున్నదా, అడ్డుదిమ్మలు, పలకలు, రసమట్టం వాహనంతో పాటు ఇస్తున్నదా, సూచనలు తెలుగులో ఉన్నవా అనే మూడు ప్రశ్నలు పర్యాటకుల భద్రతకు ఎంతో ఉపకరిస్తాయి. ప్రమాద వార్తలను నివేదించేటప్పుడు వాహనం 'దానంతట అదే కదిలింది' అని రాయడంతో సరిపుచ్చకుండా, చక్రాలకు అడ్డులు ఉన్నవా, నేల వాలు ఎంత, ఏ దశలో కదిలింది అనే వివరాలను సేకరిస్తే ఆ వార్త మరొక కుటుంబానికి హెచ్చరికగా నిలుస్తుంది.

తిరుగు ప్రయాణం

బయలుదేరేటప్పుడు ఇదే క్రమాన్ని తిరగవేయాలి. విద్యుత్తు, నీరు, మురుగు కనెక్షన్లు తీసి, గ్యాసు కవాటాలు మూసి, పక్క గదిని లోపలికి జరిపి, మూలల ఊతలను పూర్తిగా పైకి లేపాలి. తరువాత కప్లరును గుండుపై కూర్చోబెట్టి గొళ్ళెం వేయాలి. గొళ్ళెం సరిగా పడినదో లేదో తెలుసుకోవడానికి జాకీతో ముందు భాగాన్ని కొద్దిగా పైకి లేపి చూడాలి. దానితో పాటు లాగే వాహనం వెనుక భాగం కూడా లేచినట్లయితే పట్టు సరిగా ఉన్నట్లే. గొలుసులు, అత్యవసర బ్రేకు తీగ, విద్యుత్ తీగ తగిలించి, స్ప్రింగు కడ్డీలు ఉంటే బిగించి, జాకీని పూర్తిగా పైకి తీసి, వెనుక దీపాలను పరీక్షించాలి. చక్రాల అడ్డుదిమ్మలను తీయడం అన్నింటికంటె చివరి పని. నిలిపేటప్పుడు ముందుగా పెట్టినవి, బయలుదేరేటప్పుడు చివరగా తీయాలి.

ఈ మొత్తం పనికి అలవాటైనవారికి అరగంట చాలు. కొత్తవారికి గంట పట్టవచ్చు. దూర ప్రయాణం చేసి, చీకటిపడే వేళకు అలసిపోయి, పిల్లలు ఆకలితో ఉన్నప్పుడు ఈ గంటను పావుగంటకు కుదించాలని అనిపించడం సహజం. వెలుతురు ఉండగానే విడిదికి చేరే విధంగా ప్రయాణాన్ని రూపొందించుకొంటే ఆ తొందర ఉండదు. రసమట్టం, నాలుగు అడ్డుదిమ్మలు, కొన్ని పలకలు, ఒక వరుసక్రమం, వీటికి అయ్యే ఖర్చు మొత్తం ప్రయాణ వ్యయంలో అతి స్వల్పం. కారవాన్ పర్యాటకాన్ని ప్రోత్సహించే వారు, నిర్వహించే వారు, దాని గురించి రాసే వారు ఈ స్వల్ప ఏర్పాట్లకు తగిన ప్రాధాన్యం ఇచ్చినప్పుడు పర్యాటకులు క్షేమంగా తిరిగి ఇల్లు చేరగలుగుతారు.